ఫిర్యాదు చేసిన రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

పనికోసం దేశాలు దాటి వెళ్లిన ఆడవాళ్ల గురించి మీ పత్రికలో వార్త వచ్చిన ప్రతిసారీ చివరి లైను దాకా చదువుతాను. నేను చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. వలస మహిళల కోసం నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో మొదట హెల్ప్‌లైన్ ఫోన్లు ఎత్తేదాన్ని, తర్వాత ఆ కార్యక్రమాన్ని నడిపే బాధ్యత నాకే వచ్చింది. ఉత్తరం కాస్త పొడుగైంది, కత్తిరించకుండా వేస్తారని ఆశ.

ఈ మధ్య ప్రభుత్వాలు, సంస్థలు వలస మహిళల హక్కుల పేరుతో చాలా ప్రోగ్రాములు పెడుతున్నాయి, సంతోషమే. అయితే ఏది పనికొచ్చేది, ఏది కాదు అని తేల్చుకోవడానికి నేను ముందుగా అడిగేది ఒకటుంది. ఒక ఆడమనిషి ధైర్యం చేసి యజమాని మీద ఫిర్యాదు చేసింది అనుకోండి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి? దీనికి ప్రోగ్రాం నడిపేవాళ్ల దగ్గర వెంటనే జవాబుంటే మిగతావి మాట్లాడుకోవచ్చు. లేకపోతే వాళ్ల కరపత్రాలు, సదస్సులు, పోస్టర్లు ఎంత బాగున్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, ఇంటిపనికి వెళ్లిన మనిషికి ఉద్యోగం, ఉండే గది, తినే తిండి, వీసా అన్నీ ఒకే కుటుంబం చేతిలో ఉంటాయి. చాలాసార్లు పాస్‌పోర్టు కూడా వాళ్ల బీరువాలోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి గొడవ పడితే ఉద్యోగం పోతుంది, సాయంత్రం తన గదికి తను వెళ్తుంది. ఇంటిపని చేసే మనిషి నోరు తెరిస్తే ఆ పూటకే నడిరోడ్డున పడుతుంది. కొన్ని దేశాల్లో అయితే ఆమె గడప దాటిన మరుక్షణం యజమాని 'పారిపోయింది' అని కేసు పెట్టొచ్చు, అప్పుడు జీతం ఎగ్గొట్టినవాడు బాధితుడు, జీతం అడిగిన మనిషి నేరస్తురాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఇంటిపని చేసేవాళ్లు సుమారు 7.56 కోట్లు, ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లకు పని చేసే చోటు ఇంకొకరి ఇల్లు, అక్కడికి లేబర్ ఇన్‌స్పెక్టర్ వెళ్లడం చాలా అరుదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఇంటి పనివాళ్ల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేసింది, 2013లో అమల్లోకి వచ్చింది. పాస్‌పోర్టు, గుర్తింపు కాగితాలు పనిమనిషి దగ్గరే ఉండాలని, సెలవు రోజున ఆమెను ఇంట్లోనే ఉండమని బలవంతం చేయకూడదని, ఏజెన్సీ ఫీజును ఆమె జీతంలోంచి కోయకూడదని అందులో స్పష్టంగా రాసుంది. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం అంతకంటే పాతది, 1990 నాటిది, అమల్లోకి రావడానికే 2003 దాకా పట్టింది, వలస కార్మికుల్ని పెద్ద సంఖ్యలో పనిలో పెట్టుకునే ధనిక దేశాలేవీ ఇప్పటికీ దాని మీద ఆమోదముద్ర వేయలేదు. అంటే కాగితం మీద హక్కుకీ ఆమె చేతికందే సాయానికీ మధ్య ఉన్న దూరాన్ని పూడ్చాల్సింది ఇలాంటి కార్యక్రమాలే. అందుకే వాటిని ఎలా నడుపుతున్నారన్నది చిన్న విషయం కాదు.

ఇండోనేషియా నుంచి హాంకాంగ్‌కి ఇంటిపనికి వెళ్లిన ఎర్వియానా సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. యజమానురాలు నెలల తరబడి కొట్టి, తిండి సరిగ్గా పెట్టకుండా, 2014 జనవరిలో ఒళ్లంతా గాయాలతో ఆమెను విమానాశ్రయంలో వదిలేస్తే సాటి ప్రయాణికురాలు చూసి సాయం చేసింది. 2015లో ఆ యజమానురాలికి ఆరేళ్ల జైలు శిక్ష పడింది. లోకమంతా ఆ శిక్ష గురించి రాసింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం వేరే విషయం. ఆమె మొదట్లోనే ఒకసారి ఆ ఇంట్లోంచి బయటపడి ఏజెంటుకి ఫోన్ చేసిందట, ఫీజు బాకీ తీరలేదని ఏజెన్సీ వాళ్లు ఆమెను తిరిగి అదే ఇంటికి పంపారట. ఆ ఫోను ఏజెంటుకి కాకుండా సరైన చోటికి వెళ్లి ఉంటే, ఆ రాత్రికి ఒక మంచం దొరికి ఉంటే, తర్వాతి నెలల నరకం ఆమెకు ఉండేది కాదు. ప్రోగ్రాములు ఉండాల్సింది ఆ మొదటి ఫోన్ దగ్గర. మనం ఎక్కువసార్లు చివరి ఫోన్ దగ్గరికి వెళ్తున్నాం.

మరి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. డబ్బు ఇచ్చేవాళ్లు అడిగేది ఎన్ని శిక్షణలు పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు అని. మేం మూడు నెలలకోసారి రిపోర్టు పంపేవాళ్లం, అందులో ఈ అంకెలకు గడులుండేవి. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎంత జీతం బాకీ వసూలైంది, ఎంతమంది పాస్‌పోర్టు చేతికొచ్చింది, ఎంతమంది ఫిర్యాదు చేశాక కూడా ఆ దేశంలోనే పని చేసుకోగలిగారు అని రాయడానికి గడి ఉండేది కాదు. గడి లేని పనికి డబ్బు రాదు, డబ్బు రాని పని మెల్లగా ఎవరూ చేయరు. ఒకసారి మార్చి నెలాఖరున శిక్షణల పద్దు మిగిలిపోయిందని హడావిడిగా హాలు బుక్ చేసి మీటింగు పెట్టమన్నారు, అదే వారం షెల్టర్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకు కోర్టుకు వెళ్లడానికి దుబాసీ ఖర్చు అడిగితే ఆ పద్దులో వీల్లేదన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. లెక్క అలా రాసిపెట్టారు, లెక్క ఎటు చూపిస్తే మనుషులు అటే పోతారు.

ఇంకోటి, ప్రాజెక్టు గడువు. ఫండింగ్ ఏడాదికి వస్తుంది, జీతం బాకీ కేసు ఏడాదిలో తేలదు. మధ్యలో ప్రాజెక్టు అయిపోతుంది, ఆమె కథంతా తెలిసిన అమ్మాయి వేరే ఉద్యోగంలోకి పోతుంది, కొత్తగా వచ్చిన అమ్మాయి ఫైలు తెరిచి "మళ్లీ మొదటి నుంచి చెప్పండి" అంటుంది. కొట్టిన సంగతి, ఒక్కోసారి దానికంటే ఘోరమైన సంగతి, నాలుగో మనిషికి నాలుగోసారి చెప్పాలంటే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి. చాలామంది అక్కడే కేసు వదిలేసి వెళ్లిపోతారు. రిపోర్టులో దాన్ని 'కేసు ముగిసింది' అని రాస్తారు. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకన్నా అన్యాయమైన వాక్యం లేదు.

కాబట్టి కార్యక్రమం నడిపేవాళ్లు హెల్ప్‌లైన్ నంబర్ ప్రకటించే ముందే షెల్టర్ మాట్లాడి పెట్టుకోవాలి, ఆ తర్వాతే పోస్టర్. నంబర్ ఆఫీసు టైముల్లో మాత్రమే మోగితే లాభం లేదు, వాళ్లకు ఫోను చేతికి దొరికేది ఇంట్లోవాళ్లు నిద్రపోయాక, లేదంటే చెత్త పారేయడానికి కిందికి దిగినప్పుడు. మాట్లాడే వీలుండదు కాబట్టి మెసేజ్, వాయిస్ మెసేజ్ తీసుకునే ఏర్పాటుండాలి, తిరిగి ఫోన్ చేసే ముందు "ఇప్పుడు చేయొచ్చా?" అని అడగాలి, ఎందుకంటే ఆ ఫోను యజమాని ఎత్తితే ఆమె పని అంతే. ఆమె భాష తెలిసిన మనిషి ఉండాలి, ఆ మనిషి ఆమె ఏజెంటుకి చుట్టమో స్నేహితుడో కాకూడదు. ఇలా జరుగుతుంది, ఊహించి చెప్పడం లేదు. ఆమె పేరు, వీసా వివరాలు ఎవరి కంప్యూటర్‌లో ఉంటాయి, ఎవరు చూడగలరు అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఫిర్యాదు రాసుకున్న అధికారే వీసా గడువు దాటిందని అరెస్టు చేయించే చోట ఎవరు ముందుకొస్తారు? ఫిర్యాదు ఒకవైపు, వీసా తనిఖీ ఒకవైపు ఉండాలి, రెండూ కలవకూడదు. ఇది అడిగి, రాతపూర్వకంగా ఒప్పించుకోకుండా ఏ సంస్థా పోలీసులతో కలిసి పని మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

షెల్టర్ దొరికాక రెండో సమస్య, పని. హాంకాంగ్‌లో 1987 నుంచి రెండు వారాల నిబంధన ఉంది, కాంట్రాక్టు మధ్యలో తెగిపోతే మామూలుగా రెండు వారాల్లో దేశం వదలాలి. కేసు ఉంటే ఉండనిస్తారు కానీ పని చేయనివ్వరు. ఇంట్లో అప్పు ఉండి, పిల్లల ఫీజులు కట్టాల్సిన మనిషి నెలల తరబడి జీతం లేకుండా కేసు నడుపుతుందా? దెబ్బలు తింటూ పనిలోనే ఉంటుంది. బ్రిటన్‌లో 2012లో రూల్స్ మార్చి, విదేశీ యజమానులతో వచ్చిన ఇంటి పనివాళ్లు యజమానిని మార్చుకునే వీలు తీసేశారు. 2016లో తిరిగి ఇచ్చారు గానీ ఆరు నెలల వీసా గడువు లోపలే మార్చుకోవాలి. ఇంకా రెండు నెలల వీసా మిగిలిన మనిషిని పనిలో పెట్టుకునేదెవరు? కెనడా కాస్త నయం, 2019 జూన్ నుంచి, ఒకే యజమానికి కట్టేసిన పర్మిట్ మీద ఉండి వేధింపులు పడుతున్నవాళ్లు ఎవరి దగ్గరైనా పనిచేసుకునే పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. ఇలాంటి వెసులుబాటు ఉన్నచోట ప్రోగ్రాం చేయాల్సిన పని ఆ అప్లికేషన్ నింపించడం, రుజువులు సేకరించడం. లేనిచోట దాని కోసం గట్టిగా కొట్లాడడం.

పెళ్లి చేసుకుని వెళ్లిన ఆడవాళ్ల పరిస్థితి కూడా ఇదే, వాళ్ల వీసా భర్త చేతిలో ఉంటుంది. ఆడవాళ్ల మీద హింసను ఆపడానికి ఐరోపా దేశాలు 2011లో చేసుకున్న ఇస్తాంబుల్ ఒప్పందంలో 59వ అధికరణం ఇలాంటివాళ్లకు భర్త వీసాతో సంబంధం లేకుండా ఆ దేశంలో ఉండేందుకు సొంత అనుమతి ఇవ్వాలంటుంది. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ఇక కొన్ని ప్రభుత్వాలకు చాలా తేలిగ్గా తోచే పరిష్కారం ఒకటుంది, ఆడవాళ్లను పంపడమే ఆపేయడం. నేపాల్ 2017లో గల్ఫ్ దేశాలకు ఇంటిపని కోసం వెళ్లడాన్ని నిషేధించింది. వెళ్లేవాళ్లు ఆగలేదు, వేరే దేశాల మీదుగా దొంగదారిలో వెళ్లారు, కాగితాలు లేకపోవడంతో ఆపద వస్తే సొంత ఎంబసీకి చెప్పుకోవడానికి కూడా భయపడే పరిస్థితి వచ్చింది. మహిళలపై వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి కమిటీ 2008లోనే తన 26వ సాధారణ సిఫార్సులో ఇలాంటి నిషేధాలు ఎత్తేయమని చెప్పింది. ఆమెను కాపాడుతున్నామని చెప్పి ఆమె కాళ్లు కట్టేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు, ఆకలికి ఆంక్షలు అడ్డం రావు.

వెళ్లే ముందు ఇచ్చే శిక్షణ గురించి ఎక్కువ చెప్పను. అవసరమే. కానీ రోజంతా కూర్చోబెట్టి చట్టం చదివి వినిపిస్తే ఏమీ గుర్తుండదు. కాంట్రాక్టు ఫొటో ఇంట్లో ఎవరికి పంపాలి, జీతం బ్యాంకులో పడకపోతే ఏ నెలలో గొడవ మొదలుపెట్టాలి, ఏ నంబర్ నోటికి రావాలి, ఇవి చెప్తే చాలు. అది కూడా అక్కడ పనిచేసి వచ్చిన మనిషి చెప్పాలి. అలాంటివాళ్లను సభల్లో అనుభవం చెప్పించుకుని, శాలువా కప్పి పంపేయకుండా జీతం ఇచ్చి ఉద్యోగంలో పెట్టుకోండి, బడ్జెట్ ఎలా ఖర్చు పెట్టాలో తేల్చే కమిటీలో కుర్చీ వేయండి. ఇంటి పనివాళ్ల సంఘాలు 2013లో అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి, కాబట్టి మాట్లాడగలిగినవాళ్లు దొరకలేదనే సాకు చెల్లదు.

2020 జూన్‌లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో డబ్బు సంక్షోభం, కరోనా రెండూ కలిసి వచ్చినప్పుడు యజమానులు ఇథియోపియా ఆడవాళ్లను కారులో తెచ్చి వాళ్ల కాన్సులేట్ ముందు దించేసి వెళ్లిపోయారు. చాలామందికి జీతం లేదు, పాస్‌పోర్టు లేదు, సూట్‌కేసులతో పేవ్‌మెంట్ మీద పడుకున్నారు. మామూలు రోజుల్లో షెల్టర్‌కి డబ్బు ఎందుకు ఇవ్వాలని అడిగేవాళ్లు ఆ వారాలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. మంచాలు ముందే ఉండాలి, ఆపద వచ్చాక టెండరు పిలిస్తే కాదు.

సంపాదకులుగా మీరు చేయగలిగిన సాయం కూడా ఉంది. కాపాడి తీసుకొచ్చిన ఆడవాళ్లను విమానాశ్రయంలో వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలు పత్రికలు వేస్తుంటాయి, దయచేసి ముఖాలు కనిపించేలా వేయకండి. ఆ ఫొటో చూసి ఊళ్లో అనరాని మాటలు అంటారు, పెళ్లి సంబంధాలు చెడిపోతాయి, మళ్లీ పనికి వెళ్దామనుకున్నా ఏజెంట్లు గుర్తుపడతారు. ఫొటోకి బదులు వాళ్లను తీసుకొచ్చిన అధికారిని మీ విలేకరులు రెండు మాటలు అడగాలి: వీళ్లకు రావాల్సిన జీతం మొత్తం ఎంత, అందులో ఎంత ఇప్పించారు? ఏజెంటు లైసెన్సు ఏమైంది? జవాబు ఏదైతే అది వేయండి, జవాబు చెప్పకపోతే చెప్పలేదని వేయండి, ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగి అదీ వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు