లారీల పార్కింగులో నిద్రకూ ఒక వరుస కావాలి

సంపాదకులకు నమస్కారం.

‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ అనే వార్త మన పత్రికల్లో ఎంత తరచుగా వస్తోందంటే, చదివేవారు ఊరి పేరు మాత్రం చూసుకుని పేజీ తిప్పేస్తున్నారు. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగి ఉందన్న సంగతి మాత్రం ఆ వార్తలో సాధారణంగా ఉండదు. టైరు పేలి ఆగినవి, యాక్సిల్ విరిగి ఆగినవి కొన్ని ఉంటాయి. డ్రైవరు కునుకు తీయడానికి ఆపుకున్నవి కూడా తక్కువేమీ కాదని, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద 21 ఏళ్లు స్టీరింగు పట్టి, ఇప్పుడు ఒకే ఒక్క బండికి యజమానిగా మిగిలిన నేను చెప్పగలను. దీపాలు వెలుగుతున్న పార్కింగు స్థలాన్ని దాటి వచ్చి మరీ, చీకట్లో రోడ్డు అంచున బండి ఆపి, వెనక రెండు రాళ్లూ ఒక వేప కొమ్మా పెట్టి పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి. అది తప్పే, మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను దాన్ని తప్పనే అంటుంది. కానీ పార్కింగులో నిద్ర పట్టదన్న సంగతి ఆ సెక్షను రాసినవారికి తెలిసి ఉండదు.

స్టీరింగు వదలడానికి ముందు ఏడాది, మే నెలలో, జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లోడుతో విశాఖ వెళ్తూ, గోదావరి దాటాక ఒక దాబా ఆవరణలో రాత్రి పదకొండున్నరకు బండి పెట్టాను. నా ఎడమ పక్కన భీమవరం ప్రాంతం నుంచి ఓడరేవుకు రొయ్యలు తీసుకెళ్తున్న ఫ్రీజరు బండి ఉంది. గడ్డకట్టించిన రొయ్యను మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి కాబట్టి, లారీ ఇంజను ఆపేసినా, పెట్టె ముందు గోడకు బిగించిన ఫ్రీజరు యూనిట్ తన సొంత డీజిల్ ఇంజనుతో నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపమని ఆ డ్రైవరును అడగడం అన్యాయం, ఎందుకంటే సరుకు పాడైతే ముందు ఊడేది అతని ఉద్యోగమే. అయితే ఆ మోత రాత్రంతా ఒకే తీరుగా ఉండి ఉంటే చెవి అలవాటు పడేది. చల్లదనం చాలగానే అది ఆగిపోతుంది, హమ్మయ్య అనుకుని కన్ను మూతపడే వేళకు ఒక్క కుదుపుతో మళ్లీ అందుకుంటుంది. ఎన్నిసార్లో లెక్కపెట్టడం నేను కాసేపటికే మానేశాను.

ఒంటిగంట దాటాక కుడి పక్కకు ఇంకో బండి వచ్చింది. రివర్సు గేరు పడగానే మోగే పాట బాణీ, దాని మీద ‘రానీ, రానీ, కొంచెం లెఫ్టు’ అంటూ బాడీ రేకును అరచేత్తో చరిచే క్లీనరు. బండి కుదురుకున్నాక వాళ్లు స్టవ్వు వెలిగించి, ఫోనులో పాటలు పెట్టుకుని వంట మొదలుపెట్టారు. పాపం, వాళ్లకు అదే భోజనాల వేళ. ఇక మూడు గంటలకు బయలుదేరాల్సిన ఒక బండికి ఎవరో అడ్డంగా లారీ పెట్టి, తాళం వేసుకుని ఎక్కడో నులక మంచం మీద పడుకున్నారు. అతణ్ని వెతకడానికి హారను తప్ప దారి లేకపోయింది. ఆవరణలో ఉన్న అందరం లేచాం, లేవాల్సిన ఆ ఒక్కడూ అందరికన్నా ఆఖరున లేచాడు. మూడున్నరకు నేను బయలుదేరి, అనకాపల్లి దాకా కళ్ల మీద నీళ్లు చల్లుకుంటూ 16 టన్నుల సిమెంటును నడిపాను.

తెల్లవారుజామున లారీలను అదే పనిగా రేజ్ చేస్తారెందుకని బయటివారు అడుగుతుంటారు. రాత్రి బ్రేకుల ట్యాంకుల్లో గాలి తగ్గిపోతే, ఇంజను రేజ్ చేసి దాన్ని మళ్లీ ఎక్కించేదాకా హ్యాండు బ్రేకు వదలదు. లీకులు లేని బండికి అంత అవసరం పడదు. నా బండికే రెండేళ్లు లీకు ఉండేది, చిన్న వాల్వు మార్పించడానికి బద్ధకించి ఎంతమంది నిద్ర చెడగొట్టానో చెప్పలేను. ఇందులో డ్రైవర్లకన్నా మా యజమానుల పాపమే ఎక్కువ.

2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనికి మించరాదని, ఒక రోజు పనికీ మర్నాటి పనికీ నడుమ వరుసగా 9 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పింది. ఆ 9 గంటలు ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటరాదంటాయి. నెలలో ఇరవై రాత్రులు క్యాబిన్‌లోనే గడిపేవాడికి ఆ పార్కింగు నివాస ప్రాంతం అవునో కాదో పెద్దలు తేల్చాలి. పైగా 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఇది మంచి నిబంధనే, మా కాలంలో వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. కానీ ఇంజను నడిస్తేనే ఏసీ నడిచే బండ్లు ఒక ఆవరణలో ఇరవై చేరితే, మే నెల రాత్రి ఇరవై ఇంజన్లు తెల్లవార్లూ నడుస్తాయి, ఒకరి పొగ ఇంకొకరి కిటికీలోకి వెళ్తుంది. కొత్తగా కట్టే విశ్రాంతి స్థలాల్లో బండి పక్కనే కరెంటు ప్లగ్గు ఏర్పాటు చేయించి, దానితో నడిచే చిన్న ఏసీలను క్యాబిన్లకు అనుమతిస్తే తప్ప ఈ సమస్య తీరదు.

ఖర్చు లేని పని ఒకటుంది. రహదారి పక్క పార్కింగు స్థలాల్లోనూ పెట్రోలు బంకుల ఆవరణల్లోనూ సున్నంతో వరుసలు గీయవచ్చు. ఫ్రీజరు బండ్లను చివరి వరుసలో, మూతి ప్రహరీ గోడ వైపు ఉండేలా నిలిపితే యూనిట్ మోత చాలావరకు అటే పోతుంది. రాత్రి ఆలస్యంగా వచ్చి వేకువనే వెళ్లేవారికి గేటు దగ్గర, ఒక పక్క నుంచి వచ్చి మరో పక్క నుంచి పోయేలా ఏటవాలు గళ్లు గీస్తే రివర్సు అవసరమే రాదు. లోపలి వరుసను పడుకునేవారికి వదలాలి: అక్కడ పాటలు, వంట, హారను ఉండరాదని తెలుగు, హిందీ, తమిళ భాషల్లో బోర్డు పెట్టాలి. ఇంకొకరికి అడ్డంగా బండి పెట్టక తప్పని పక్షంలో ఫోను నంబరు రాసిన అట్టముక్కను ముందు అద్దం దగ్గర ఉంచాలన్నది డ్రైవరు సోదరులకు నా మనవి. ఇంకొకటి, బండి కదిలించే ముందు ఒక్కసారి దిగి కిందకు చూడండి. ఎండాకాలంలో క్యాబిన్ వేడికి తట్టుకోలేక క్లీనరు కుర్రాళ్లు లారీ కిందే గోనెపట్టా పరుచుకుని పడుకుంటారు. ఆ కుర్రాడు మీ బండి వాడే కానక్కర్లేదు, చల్లగా ఉందని పక్క బండి నుంచి వచ్చినవాడైనా కావచ్చు.

పత్రికకూ ఒక విన్నపం. ఆగి ఉన్న లారీని ఏదైనా వాహనం ఢీకొన్న వార్త ఈసారి వచ్చినప్పుడు, అక్కడికి దగ్గరలో లారీలు నిలిపే చోటు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో, ఆ రాత్రి అందులో ఖాళీ ఉందో లేదో మీ విలేకరి చేత కనుక్కోమని, ఆ వివరం కూడా వార్తలో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని, మాజీ డ్రైవరు,
ఏలూరు