స్పార్క్ ప్లగ్: మర పట్టినంత మాత్రాన సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు కారుకు స్పార్క్ ప్లగ్‌లు మార్చేటప్పుడు మర లావు కలిసిందా లేదా అన్నదే చాలామంది చూస్తున్నారు. 14 మి.మీ. మరలోనే పొడవు 19 మి.మీ. ఉన్నవీ, 26.5 ఉన్నవీ దొరుకుతాయి. పొడుగుది బిగిస్తే పిస్టన్‌కు తగలొచ్చు. పొట్టిదైతే ఇంజిన్ హెడ్‌లో (ప్లగ్ బిగించే పైభాగంలో) మిగిలిన మరలకు మసి పట్టి, తర్వాత సరైన ప్లగ్ ఎక్కదు.

అంతకంటే పెద్ద పొరపాటు హీట్ రేంజ్ దగ్గర, అంటే ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందనే కొలత దగ్గర జరుగుతోంది. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ 'బీకేఆర్6ఈ'లో 6 అంటే అదే. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్‌లో లెక్క తలకిందులు. అంకె చూసి కంపెనీ మార్చారో, ఇబ్బందే! వేడిని నిలుపుకునే ప్లగ్ పడితే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ దెబ్బతింటుంది. వేడిని మరీ త్వరగా వదిలేదైతే కొనకు మసి పట్టి మిస్సింగ్ వస్తుంది. దయచేసి కారు మాన్యువల్‌లోని నంబరే అడిగి కొనండి.

సీఎన్‌జీ మండటానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అందుకే అరిగిన ప్లగ్ లోపం ముందు గ్యాస్ మీదే బయటపడుతుంది. ఇరిడియం ప్లగ్‌ల గ్యాప్‌ను (కొన దగ్గర స్పార్క్ దూకే ఖాళీని) స్క్రూడ్రైవర్‌తో వంచొద్దు, సన్నటి కొన విరిగిపోతుంది.

ఇంజిన్ చల్లారాకే విప్పండి. కొత్తది చేత్తో చివరిదాకా తిప్పి, వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌నైతే స్పానర్‌తో సుమారు అర చుట్టు బిగిస్తే చాలు. పూత ఉన్న మరలకు గ్రీజు పూస్తే తెలియకుండానే అతిగా బిగుస్తుంది.

- ఒక కారు మెకానిక్, విజయవాడ