చెయ్యేరుపై కురవగల వానకు హద్దులు గీయండి: జలవనరుల శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్య కార్యదర్శి గారికి నమస్కారం.

2021 నవంబరు 19న ఎగువనున్న పింఛా ప్రాజెక్టు మీదుగా వచ్చిన వరదకు చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి వాళ్లు ఇళ్లతో పాటు మనుషుల్నీ పోగొట్టుకున్నారు. కొత్త కట్టకు గేట్లెన్ని అన్నది తర్వాతి మాట. చుట్టుపక్కల పడిన తుఫాను వాన ఇక్కడా పడొచ్చు కాబట్టి, చెయ్యేరు పరీవాహకంపై పడగల అత్యధిక వానను లెక్కగట్టడానికి ఎక్కడెక్కడి తుఫాను వానల్ని తీసుకోవాలో ముందు తేల్చండి.

ఆ వానల్ని ఎంచుకునే ప్రాంతపు హద్దు జిల్లా గీతో, రాష్ట్ర సరిహద్దో కాకూడదు. బంగాళాఖాతం వాయుగుండానికి తిరుపతి, తిరువళ్లూరు వేరు కావు. తమిళనాడు రికార్డులూ చూడాల్సిందే. అలాగని నెల్లూరు తీరంలో పడిన వానను లెక్కలో ఉన్నదున్నట్టు శేషాచలం కొండల అవతలికి మోయడమూ తప్పే. తేమగాలికి ఎదురుగా ఉన్న వాలుపై వాన పెరుగుతుంది, వెనుక తగ్గుతుంది. తీరం నుంచి దూరానికి, కొండ ఎత్తుకు, గాలిలోని తేమకు సవరణలు చేయాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మరొకటి. వాతావరణ శాఖ వర్షపాతం లెక్కలో రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. ఆ వేళకు అటూ ఇటూ కురిసిన కుండపోత రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోయి, మామూలు భారీ వానలా కనిపిస్తుంది. గంటవారీ రికార్డులు చూడకుండా 24 గంటల గరిష్ఠాన్ని తేల్చొద్దు.

డిజైన్ ఖరారు చేసేముందు మీరు ఎంచుకున్న తుఫానుల జాబితా, హద్దుల మ్యాపు తెలుగులో బయటపెట్టండి. రాజంపేటలో సభ పెట్టి మా అభ్యంతరాలు వినండి.

ఇట్లు,
చెయ్యేరు ఒడ్డున బతికే ఒక పౌరుడు