బిల్లుల మీద ఆ మాట తీయించాలి

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు అడుగున అచ్చువేసి, లోపమున్న వస్తువును కూడా వెనక్కి తీసుకోకపోవడం విజయవాడ దుకాణాల్లో మామూలైపోయింది. బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేటల్లో నేను తీసుకున్న చాలా బిల్లుల మీద ఈ మాటే ఉంది. మేము కొన్న మిక్సీ మోటారు వారం తిరక్కుండా కాలిపోతే, షాపువాళ్లు అదే చూపించి 'సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, మాకు సంబంధం లేదు' అన్నారు. చట్టం అలా చెప్పడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. రూ.5 లక్షల లోపు కొనుగోలైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు కట్టనక్కర్లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ఇది తెలియక, పండగలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి కొనేవాళ్లు పాడైన వస్తువుతోనే సరిపెట్టుకుంటున్నారు, వాళ్లను చూస్తే బాధేస్తుంది. వినియోగదారుల హక్కుల ఉల్లంఘనపై విచారించే అధికారం కలెక్టర్‌కు ఇదే చట్టం ఇచ్చింది. కాబట్టి ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ తనిఖీలు చేయించి బిల్లు పుస్తకాల్లోంచి ఆ మాట తీయించాలి. ప్రతి షాపు క్యాష్ కౌంటర్ దగ్గర జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915ను, 30 రోజుల నిబంధనను పెద్ద అక్షరాల్లో తెలుగులో పెట్టించాలి.

– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ