తూకం చీటీ ఒకరిది, లెక్క మరొకరిది

సంపాదకులు గారికి,

మామిడి కాలంలో చిత్తూరు చుట్టుపక్కల మండీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కాటా మీద బండి ఎక్కించి, కంప్యూటరులోంచి చీటీ తీసి రైతు చేతిలో పెట్టడం ఇప్పుడు చాలాచోట్ల మామూలైంది. ఆ చీటీ వెనుక ఉన్న డేటాబేసు గురించి మండీవారికీ, వారికి సాఫ్ట్‌వేర్ అమ్మేవారికీ ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు ఒక మండీవారు నన్ను పిలిపించారు. తోతాపురి లోడు తోలిన రైతు చీటీ పట్టుకుని డబ్బుకు వస్తే, ఖాతాలో అదే నంబరు కింద వేరే రైతు పేరూ వేరే తూకమూ ఉన్నాయి. చీటీ దొంగదేమోనని గుమాస్తా అనుమానించాడు కానీ, విప్పి చూస్తే తప్పు ప్రోగ్రాములదేనని తేలింది. అక్కడ కాటా ప్రోగ్రామూ ఖాతాల ప్రోగ్రామూ ఒకే ఎస్‌క్యూలైట్ ఫైలులో రాస్తున్నాయి.

రిచర్డ్ హిప్ 2000లో రూపొందించిన ఈ డేటాబేసుకు విడిగా సర్వర్ ఉండదు, ఉన్నదంతా ఒక్క ఫైలే. మన ఫోన్లన్నిటిలోనూ ఉన్నది ఇదే కనుక, దీన్ని తక్కువగా చూడనక్కరలేదు. ఎందరైనా ఒకేసారి చదవవచ్చు గానీ, ఏ క్షణంలోనైనా రాయగలిగేది ఒక్కరే. ఇంతసేపు ఆగి చూడమని ప్రోగ్రాము ముందుగా చెప్పి ఉంచకపోతే, రెండోవారిని 'తాళం వేసి ఉంది' అని అప్పటికప్పుడే తిప్పి పంపేస్తుంది. ఆ రోజు ఖాతాల ప్రోగ్రాము ఒక పద్దు మార్చి, కమీషను అంకె కోసం ట్రాన్సాక్షన్ (అంతా కలిపి ఒక్కసారే ఖాయమయ్యే మార్పుల కట్ట) తెరిచే ఉంచుకుని ఎదురుచూస్తోంది; అంకె కొట్టవలసిన గుమాస్తా టీకి వెళ్లాడు. ఈలోగా కాటా ప్రోగ్రాము చివరి నంబరు చదివి, ఒకటి కలిపి, రాయబోతే తాళం అడ్డొచ్చింది. ఆ జవాబును పట్టించుకోకుండా చీటీ మాత్రం అచ్చు వేసేసింది. తాళం వదిలాక వచ్చిన బండికి మళ్లీ అదే నంబరు పడింది.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. మనిషిని అడగవలసినవన్నీ అడిగేశాకే ట్రాన్సాక్షన్ తెరవాలి, రాయడం ఖాయమయ్యాకే చీటీ అచ్చు వేయాలి, అయిదు సెకన్లయినా ఆగేలా టైమవుట్ పెట్టాలి. కొత్త రాతలను ముందు పక్కన వేరే ఫైలులో రాసి, తర్వాత అసలు ఫైలులో కలిపే వాల్ పద్ధతి 2010లో వచ్చింది; అది పెట్టుకుంటే రాసేవారి వల్ల చదివేవారు ఆగరు, కానీ రాసేది అప్పుడూ ఒక్కరే. నంబరు చదివి ఆపైన రాసే చోట మొదటే 'బిగిన్ ఇమీడియట్' అనాలి, అంటే చదవకముందే రాసే తాళం తీసేసుకోవాలి. లేకపోతే మనం చదివాక ఇంకొకరు రాసి ఉంటే, ఎంత టైమవుట్ పెట్టినా మన రాత చెల్లదు.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. రెండో కాటా రాగానే ఆ ఫైలును షేర్డ్ ఫోల్డరులో పెట్టి రెండు కంప్యూటర్లనూ దాని మీదికి తోలేవారు ఉన్నారు. నెట్‌వర్కు మీద తాళాలు చాలాసార్లు మాట నిలబెట్టుకోవు; పైగా వాల్ పద్ధతికి అందరూ ఒకే యంత్రం మెమరీని పంచుకోవాలి కనుక, అక్కడ అది పనిచేయదు. ఫైలును ముట్టుకునే ప్రోగ్రాము ఒక్కటే ఉండి మిగిలినవి దాన్ని అడిగి పని చేయించుకోవాలి, లేదా పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు సర్వర్ పెట్టుకోవాలి. ఇంకొందరు పక్కన కనిపించే వాల్ ఫైలును చెత్త అనుకుని తీసేస్తారు. అసలు ఫైలులో ఇంకా కలవని పద్దులు అందులోనే ఉంటాయి. రాత్రిపూట పెన్‌డ్రైవులోకి ప్రధాన ఫైలు ఒక్కటే లాగేసినా అంతే. పని నడుస్తుండగా నకలు కావాలంటే ఎస్‌క్యూలైట్‌లోనే 'వాక్యూమ్ ఇంటూ' అనే ఆదేశం ఉంది.

మండీవారు ఈ సీజను మొదలయ్యేలోగా ఒక చిన్న పరీక్ష చేయించుకోవచ్చు. ఖాతాల తెర మీద ఒక పద్దు సగంలో వదిలి, కాటా దగ్గర ఒక ఖాళీ బండి తూయించండి. చీటీ వచ్చి, ఆ నంబరు ఖాతాలో కనిపించకపోతే, మొదటి లోడు దిగకముందే సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారిని పిలిపించండి.

ఇట్లు,
బిల్లింగు ప్రోగ్రాములు రాసుకునే ఒక పాఠకుడు,
చిత్తూరు