మీ అంగారక గ్రహ చిత్రంలోని కథా లోపాలపై ఫిర్యాదు

చిత్ర నిర్మాణ సంస్థ యాజమాన్యం వారికి,

విషయం: మీ అంగారక గ్రహ చిత్రంలో కథ, కథనాల లోపాలు, చిత్రానికి రెండో భాగం ఉందన్న సంగతిని ముందుగా తెలియజేయకపోవడం గురించి.

ఆర్యా,

ఇటీవల మీ సంస్థ విడుదల చేసిన అంగారక గ్రహ చిత్రాన్ని మొదటి వారంలోనే, ప్రభుత్వ అనుమతితో పెంచిన టికెట్ ధర చెల్లించి, త్రీడీ కళ్లద్దాలకు వేరుగా రుసుము కట్టి, కుటుంబ సమేతంగా చూశాము. నేను శ్రీహరికోటకు దగ్గరలోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున మేడలెక్కి ఆకాశం వైపు చూసే ఊళ్లు మావి కనుక, అంతరిక్షం మీద తెలుగులో పెద్ద చిత్రం వస్తోందంటే మా వైపు పిల్లలకూ పెద్దలకూ ఎంత ఆసక్తి కలుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. మీరు కూడా ఆ ఆసక్తిని ఎరిగినవారే కాబట్టి, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలోకి ప్రవేశించిన మంగళయాన్‌కు ఈ చిత్రం నివాళి అని మొదట్లోనే తెరపై వేశారు.

దృశ్యాల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అంగారకుడి మీద సూర్యాస్తమయాన్ని మీ కళాకారులు నీలి వెలుగులో చూపారు. అక్కడి గాలిలోని సన్నని ధూళి కారణంగా అస్తమించే సూర్యుడి చుట్టూ నీలి కాంతి కనిపించడం నిజం. ఎర్రని గ్రహం మీద ఎర్రని సంధ్యను చూపినా ఎవరూ తప్పుపట్టి ఉండరు, అయినా వారు ఆ సులువైన దారి పట్టలేదు. నాయకుడు, అతని స్నేహితుడు మాట్లాడుకునే ఒక సన్నివేశంలో వెనుక ఆకాశంలో ఫోబోస్ అనే ఉపగ్రహం పడమట ఉదయిస్తుంది. అది 7 గంటల 39 నిమిషాల్లోనే గ్రహాన్ని ఒకసారి చుట్టివస్తుంది, అంటే గ్రహం తన చుట్టూ తాను తిరిగేకన్నా వేగంగా తిరుగుతుంది కాబట్టి, అక్కడ నిలబడి చూసేవారికి అది పడమట పొడిచి తూర్పున గుంకుతుంది. ఆ సంగతి ఏ పాత్రా పలకదు, కథకు దానితో పని లేదు, ప్రేక్షకుల్లో నూటికి తొంభై మంది గమనించరు. అయినా ఎవరో ఒక కళాకారుడు దాన్ని సరైన చోట పెట్టాడు. దాదాపు 4,000 కిలోమీటర్ల పొడవున్న వాలెస్ మరినెరిస్ లోయ అంచున గాజు గుమ్మటాల నగరం మొదటిసారి కనిపించినప్పుడు మా హాల్లో ఈలలు ఆగిపోయి నిశ్శబ్దం ఆవరించింది. ఆ పని చేసినవారందరికీ నా అభినందనలు అందజేయగలరు.

వారు చూపిన ఆ శ్రద్ధ కథా చర్చలు జరిగిన గదిలోకి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇంటర్వెల్‌కు ముందు వచ్చే తల్లీకొడుకుల సన్నివేశాన్నే తీసుకోండి. అంగారకుడి మీద చిక్కుకుపోయిన కొడుకు, రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్న తల్లితో తెర మీద ముఖాముఖి మాట్లాడతాడు. అతను ప్రశ్న అడిగిన మరుక్షణం ఆమె జవాబు చెబుతుంది. భూమికీ అంగారకుడికీ మధ్య దూరాన్ని బట్టి కాంతి ఒకవైపు చేరడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కాంతిని మించిన వేగంతో మాట చేరే మార్గం ఏదీ మీ కథలో కూడా లేదు. దీన్ని శాస్త్రపరమైన పొరపాటుగా మాత్రమే ఎత్తిచూపితే అధ్యాపకుడి చాదస్తం అని మీరు పక్కన పెట్టవచ్చు. నా బాధ అంతకన్నా పెద్దది. ఆ ఆలస్యాన్ని కథలోకి రానిచ్చి ఉంటే, "అమ్మా, నొప్పిగా ఉందా?" అని అడిగిన కొడుకు జవాబు కోసం నలభై నిమిషాలు ఆ గుమ్మటం కింద ఒంటరిగా ఎదురుచూసేవాడు; ఆ నలభై నిమిషాల్లో అక్కడ ఏమైనా జరిగి ఉండవచ్చు; జవాబు వచ్చేసరికి దాన్ని పంపిన మనిషి ఉందో లేదో అతనికి తెలిసే వీలుండదు. ప్రకృతి సూత్రం మీ రచయితలకు ఉచితంగా ఇచ్చిన దుఃఖం అది. దాన్ని కాదని, నేపథ్య సంగీతం హోరెత్తించి, తల్లి చేత మూడు పేజీల సంభాషణ చెప్పించారు. మా విద్యార్థులు మరునాడు తరగతిలో అడిగిన మొదటి ప్రశ్న కూడా ఆ సన్నివేశం గురించే, కాబట్టి పిల్లలకు ఇవన్నీ పట్టవని అనుకోవడానికి లేదు.

ప్రాణవాయువు సంగతి మరీ విచిత్రం. నగరంలో ప్రతి పౌరుడికీ రోజుకింత అని కొలిచి గాలి ఇస్తారనీ, ఇద్దరు పిల్లలున్న కుటుంబం మూడో బిడ్డను కనాలంటే ఎవరో ఒకరు తమ వాటా వదులుకోవాలనీ మొదటి అరగంటలో చెప్పారు. చెబుతున్నంతసేపూ నేను ముందుకు వంగి చూశాను. పప్పూ బియ్యం కోసం రేషన్ దుకాణం ముందు నిలబడిన అనుభవం ఉన్న మన ప్రేక్షకులకు ఆ ఒక్క ఊహ చాలు, దాని మీద మూడు గంటల చిత్రం నడపవచ్చు. కానీ రెండో సగంలో ఆ నియమం అడ్రస్ లేకుండా పోయింది. వందల మంది నర్తకులతో పాట వచ్చినప్పుడు ఎవరి వాటా గాలి ఎవరు పీల్చారో తెలియదు. చివరి పోరాటంలో గుమ్మటం బద్దలైనా నాయకుడు శిరస్త్రాణం లేకుండానే పది నిమిషాలు పోరాడతాడు. ప్రేక్షకుడికి నియమం చెప్పి, దాన్ని మీరే మరిచిపోతే, ఆ తర్వాత ఏ ప్రమాదం చూపినా భయం కలగదు. ఎందుకంటే ఎప్పుడు ఏది ప్రాణం తీస్తుందో, ఏది తీయదో నిర్ణయించేది కథానాయకుడి హోదా మాత్రమే అని తేలిపోతుంది.

ప్రతినాయకుడు తాను నివసిస్తున్న గుమ్మటాన్నే ఎందుకు పేల్చాలనుకున్నాడో చివరి వరకూ తెలియలేదు. భూగర్భ శాస్త్రవేత్తగా పరిచయమైన నాయిక ఒక్క రాయినైనా పరీక్షించకుండానే అపహరణకు గురైంది. వీటి మీద ఎక్కువ రాయను.

"సినిమాలో తర్కం వెతకకూడదు" అన్న మాట ఇలాంటి ఫిర్యాదులకు తరచూ వచ్చే సమాధానం. దాన్ని నేను అంగీకరించలేను. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపించడంతో ఎవరి మనసు ఎటు మొగ్గిందో, రాబోయే చిక్కు ఏమిటో ఒక్క వస్తువుతో తేలిపోయింది. కంప్యూటర్ లేని కాలంలో తీసిన ఆ మాయ కథకు సేవ చేసింది. మీ చిత్రంలోని త్రిమితీయ కాంతి బొమ్మల యంత్రం అంతకు వెయ్యి రెట్లు మెరిసింది కానీ, ఏ పాత్ర గురించీ మాకు ఒక్క కొత్త సంగతి చెప్పలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆదిత్య 369లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, ఆపైన 2504వ సంవత్సరానికీ వెళ్తుంది. ఆ ప్రయాణాలకు కారణం ఉంది, వజ్రం దొంగతనం అనే దారం ఉంది. నేటి కళ్లకు ఆ చిత్రంలోని కొన్ని ట్రిక్ షాట్లు వెలిసినట్టు అనిపించవచ్చు, కథ మాత్రం వెలవలేదు.

కథ బలహీనమైతే నష్టం ప్రేక్షకుడిది మాత్రమే కాదన్నది మరో సంగతి. ఇది సినిమా రంగంలో ఉన్న మీకు నాకన్నా బాగా తెలుసు. లైఫ్ ఆఫ్ పై చిత్రానికి దృశ్య ప్రభావాల విభాగంలో 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకున్న రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ, ఆ వేడుకకు దాదాపు రెండు వారాల ముందే దివాలా రక్షణ కోసం పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అంత గొప్ప పనితనానికే భద్రత లేని రంగంలో మన కుర్రవాళ్లు రాత్రుళ్లు కూర్చుని ఫ్రేము ఫ్రేముగా ఒక ఉపగ్రహాన్ని సరైన దిశలో ఉదయింపజేస్తే, రాతలో జరిగిన అలక్ష్యం వల్ల చిత్రం రెండో వారానికే థియేటర్ల నుంచి తప్పుకుంది. "గ్రాఫిక్స్ సినిమాలు ఆడవు" అనే ముద్ర చివరికి వారి మీదే పడుతుంది.

ఇక ప్రచారం విషయం. పోస్టర్ మీద గానీ, ట్రైలర్‌లో గానీ, టికెట్ మీద గానీ ఇది మొదటి భాగం అని ఎక్కడా లేదు. ప్రీ రిలీజ్ వేడుకలో మీ ప్రతినిధులు "సంపూర్ణమైన కథ" అన్న మాటనే వాడారు. తీరా చూస్తే తల్లి ఏమైందో, నగరం నిలిచిందో లేదో చెప్పకుండా, మిగతాది రెండో భాగంలో అని తెర దించేశారు. ట్రైలర్‌లో చూపిన పాట చిత్రంలో లేదంటూ ఒక ప్రేక్షకురాలు వేసిన కేసులో, ప్రచార చిత్రాన్ని ఒప్పందంగానో హామీగానో భావించలేమని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సంగతి నాకు తెలుసు. అందువల్ల టికెట్ డబ్బు తిరిగి ఇమ్మని నేను అడగడం లేదు. అయితే ట్రైలర్‌లో ఒక పాట చూపడం వేరు, సగం కథను పూర్తి కథగా అమ్మడం వేరు అన్నది నా అభిప్రాయం. చట్టం ఎంత వరకు అనుమతిస్తుందో అంత వరకూ వెళ్లడమే మర్యాద అని మీరు భావించరనే నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

నా కోరికలు పెద్దవి కావు. చిత్రాన్ని ఓటీటీలో గానీ టీవీలో గానీ ప్రదర్శించేటప్పుడు పేరు పక్కనే "మొదటి భాగం" అని స్పష్టంగా ముద్రించండి. రెండో భాగం టికెట్లకు కూడా అదే పద్ధతి పాటించండి. రెండో భాగం చిత్రీకరణ మొదలు కాకముందే స్క్రీన్‌ప్లేను పూర్తిగా ఖరారు చేసి, మొదటి భాగంలో మీరే పెట్టిన నియమాలకు, ముఖ్యంగా గాలి రేషన్‌కు, రచయితలు కట్టుబడి ఉండేలా చూడండి. ఆ నీలి సంధ్యను, ఆ ఫోబోస్‌ను తెర మీదికి తెచ్చిన కళాకారులను కథా చర్చల్లో కూర్చోబెట్టండి. అంగారకుడి మీద మనిషి బతుకు ఎలా ఉంటుందో మీ బృందంలో అందరికన్నా ఎక్కువ ఆలోచించినవారు వారేనని చిత్రం చూస్తే తెలుస్తోంది. చివరి పేర్ల పట్టికలో వారి పేర్లు చదవడానికి వీలైనంత నెమ్మదిగా కదిలేలా చేయండి. మేము కూర్చుని చదవబోయేసరికి హాల్లో లైట్లు వేసేశారు.

ఈ లేఖకు మీ జవాబు నెల రోజుల్లోగా లిఖితపూర్వకంగా అందగలదని ఆశిస్తున్నాను. టికెట్ల నకలును దీనితో జతపరిచాను.

ఇట్లు,
భవదీయుడు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి జిల్లా.