స్మారకోపన్యాసాల్లో ప్రశ్నలకు చోటేది?

సంపాదకులకు,

సమాజం, రాజకీయాలపై ఏటా బహిరంగ స్మారకోపన్యాసాలు ఏర్పాటు చేస్తున్న ఫౌండేషన్ల కృషిని తక్కువ చేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఎన్నికల సభల్లో, టీవీ చర్చల్లో కనిపించని తీరికతో ఒకే విషయాన్ని గంటసేపు ఆలోచించే అవకాశం వాటి వల్లే కలుగుతోంది. అయితే స్వాగత వచనాలు, వక్త పరిచయం, అధ్యక్షోపన్యాసం, సన్మానం ముగిశాక గానీ అసలు ప్రసంగం మొదలుకాకపోవడం, చివరకు ‘సమయాభావం వల్ల’ ప్రశ్నలు స్వీకరించలేకపోతున్నామని ప్రకటించడం చాలాచోట్ల ఆనవాయితీ అయిపోయింది. ప్రశ్న పేరిట మరో ఉపన్యాసం అందుకునే శ్రోతలూ ఇందుకు కొంత కారణమే. ప్రశ్నలను చీటీలపై రాయించి తీసుకుంటే ఆ చిక్కు తీరుతుంది. బీబీసీ 1948లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌తో ప్రారంభించిన వార్షిక రేడియో ప్రసంగాలైన రీత్ ఉపన్యాసాల్లో మొదట వక్త ఒక్కరే మైకు ముందు మాట్లాడేవారు. తర్వాతి కాలంలో శ్రోతల సమక్షంలో ప్రసంగించి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ సంవాదాన్ని కూడా ప్రసారం చేసే పద్ధతి వచ్చింది.

అంతకంటే పెద్ద లోపం ప్రసంగ పాఠం అచ్చుకు రాకపోవడం. 1919 జనవరిలో మ్యూనిక్ విద్యార్థుల ఆహ్వానంపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ రాజకీయ వృత్తి గురించి చేసిన ప్రసంగాన్ని నేటికీ చదవగలుగుతున్నామంటే, ఆయన దాన్ని విస్తరించి ప్రచురించడం వల్లే. మన దేశంలో 1936 నాటి ఉదంతం మరీ విలక్షణమైనది. లాహోర్‌లోని కుల వ్యతిరేక సంస్కర్తల సంఘం జాత్-పాత్ తోడక్ మండల్ తన సదస్సుకు అధ్యక్షత వహించమని అంబేద్కర్‌ను ఆహ్వానించి, ముందుగా అందిన ప్రసంగ పాఠంలోని కొన్ని భాగాలను మార్చమని కోరింది. ఒక్క కామా కూడా మార్చనని ఆయన తేల్చిచెప్పడంతో ఆ ప్రసంగం జరగనే లేదు. ‘కుల నిర్మూలన’ పేరుతో మనం చదువుతున్నది ఆ పాఠమే. ఆయన సొంత ఖర్చుతో వేయించిన 1,500 ప్రతులు రెండు నెలల్లోనే చెల్లిపోయాయి. వేదిక దక్కని ప్రసంగం అచ్చు వల్ల నిలిస్తే, ఘనంగా జరిగిన సభల్లోని ప్రసంగాలు మరుసటి వారానికే ఎవరికీ దొరకడం లేదు. వీడియో ఉంది కదా అనవచ్చు. కానీ ఒక వాదనను తిరిగి పరిశీలించడానికి, దానిలోని ఫలానా వాక్యంతో విభేదించడానికి చేతిలో పాఠం ఉండాలి.

కాబట్టి ఫౌండేషన్లు సభాకాలంలో కనీసం మూడో వంతు ప్రశ్నలకు ముందే కేటాయించాలని, ప్రసంగం ఏ భాషలో జరిగినా నెలలోగా దాని తెలుగు పాఠాన్ని ప్రశ్నోత్తరాలతో సహా ప్రచురించాలని, వక్తల ఎంపిక ఎవరు చేస్తున్నారో, నిధులు ఎవరివో అందులోనే తెలపాలని కోరుతున్నాను. పత్రికలకూ ఒక విన్నపం: వేదికపై వరుసగా నిలబడిన అతిథుల ఫొటోకు ఇచ్చే స్థలంలో, ఆ సభలో వక్తను ఇబ్బంది పెట్టిన ఒక ప్రశ్నను, ఆయన ఇచ్చిన జవాబును ప్రచురించండి.

భవదీయుడు,
ఒక శ్రోత